మధుమేహం, మూత్ర ఇన్ఫెక్షన్లు, శరీరపు సహజ రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టే షుగర్ ఉన్నవారికి మూత్ర ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయా?

బెల్లం ఉన్నచోట ఈగలు ముసిరినట్లు తీపి మూత్రానికి సూక్ష్మజీవులు ముసురుతాయన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడు మూత్రపిండాలు దాన్నంతా వెనక్కి లాక్కోలేక మూత్రంలోకి వదిలేస్తాయి. అటువంటి మూత్రాన్ని ప్రయోగశాలలో గాజు గొట్టంలో పోసి బాక్టీరియాను వదిలితే అది మామూలు మూత్రంలో కంటే వేగంగా పెరుగుతుంది. అయితే గాజు గొట్టానికి గోడ మీద ప్రాణమున్న కణాలు ఉండవు, దానిలోకి తెల్ల రక్తకణాలు రావు, అది గంట గంటకూ ఖాళీ కాదు. మధుమేహం ఉన్న స్త్రీలను పరిశీలించినప్పుడు, మూత్రంలో చక్కెర పోతున్నవారికీ పోనివారికీ మధ్య ఇన్ఫెక్షన్ల విషయంలో ఊహించినంత తేడా కనిపించలేదు. మూత్రంలోకి కావాలనే చక్కెరను పంపించే మందుల విషయంలోనూ ఇదే తేలింది. దాని గురించి కింద విడిగా చెప్పుకుందాం.

కాబట్టి అసలు ప్రశ్న సూక్ష్మజీవికి మేత ఎంత దొరుకుతోందన్నది కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో దాన్ని రోజూ తరిమివేస్తున్న కాపలా మధుమేహంలో ఎక్కడెక్కడ సడలిపోతోందన్నదే తెలుసుకోవలసిన విషయం.

ప్రశ్న: ఆ కాపలాలో ఎవరెవరు ఉంటారు?

అన్నిటికంటే ముందున్నది ప్రవాహం. మూత్రపిండాల నుంచి మూత్రనాళాల ద్వారా మూత్రాశయానికీ, అక్కడి నుంచి ప్రసేకం ద్వారా బయటికీ మూత్రం ఒకే దిశలో పారుతుంది. పేగుల్లో నివసించే ఇ. కోలై బాక్టీరియా, మూత్ర ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగానికి కారణం అదే, మలద్వారం పరిసరాల నుంచి ప్రసేకంలోకి చేరి ఏటికి ఎదురీదినట్లు పైకి ఎక్కాలి. స్త్రీలలో ఈ దారి సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే, పురుషుల్లో దాదాపు 20 సెంటీమీటర్లు. స్త్రీలకు ఈ బాధ ఎక్కువగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. కింది నుంచి నాలుగు బాక్టీరియాలు ఎక్కినా, మూత్రాశయం పూర్తిగా ఖాళీ అయిన ప్రతిసారీ వాటిలో అధికభాగం కొట్టుకుపోతాయి.

కొట్టుకుపోకుండా ఉండాలంటే బాక్టీరియా గోడను పట్టుకోవాలి. అందుకు దానికి వెంట్రుకల్లాంటి నూగు ఉంటుంది, ఆ నూగు కొసన మన్నోజ్ అనే చక్కెరను గుర్తుపట్టి తగులుకునే కొక్కెం ఉంటుంది. మూత్రాశయపు గోడ మీది కణాల ఉపరితలంలో సరిగ్గా ఆ మన్నోజే ఉంటుంది. ఇక్కడ శరీరం చేసిన ఏర్పాటు చూడముచ్చటైనది. మూత్రపిండంలో హెన్లీ శిక్యం అనే వంపు తిరిగిన సన్నని నాళిక కణాలు యూరోమోడ్యులిన్ అనే మాంసకృత్తిని తయారుచేసి మూత్రంలోకి వదులుతాయి. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే మాంసకృత్తి ఇదే. 1950లో ఇగోర్ టామ్, ఫ్రాంక్ హార్స్‌ఫాల్ అనే ఇద్దరు దీన్ని వేరుచేశారు, అదీ ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మీద పరిశోధన చేస్తూ. సన్నని పోగుల్లా అల్లుకునే ఈ మాంసకృత్తి ఒంటినిండా మన్నోజ్ గుత్తులు ఉంటాయి. బాక్టీరియా తన కొక్కేన్ని గోడకు బదులు ఈ పోగుకు తగిలించుకుంటుంది, పోగుతోపాటు బయటికి పోతుంది. గాలానికి ఎర ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. చేపముల్లు ఆకారంలో ఉండే ఆ పోగుల నిర్మాణాన్ని 2020లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించారు.

ఎరను దాటి వచ్చినవాటికి గోడ ఎదురవుతుంది. మూత్రాశయం లోపలి పొరలో పైన ఉండేవి గొడుగు కణాలు. వాటి ఉపరితలం పలకలు పరిచినట్లు గట్టిగా, నీరు చొరనంత బిగుతుగా ఉంటుంది, దాని మీద జిగురులాంటి పల్చటి పూత ఉంటుంది. ఆ కణాలే సూక్ష్మజీవులను చంపే చిన్న చిన్న మాంసకృత్తులను, అంటే పెప్టైడ్లను, తయారుచేస్తాయి. కాథెలిసిడిన్, బీటా డిఫెన్సిన్, ఆర్‌ఎన్‌ఏస్ 7, సోరియాసిన్ వాటిలో కొన్ని. వీటికి తోడు లిపోకాలిన్ 2 అనే మాంసకృత్తి ఉంది. అది బాక్టీరియాను నేరుగా చంపదు, బాక్టీరియా ఇనుమును తెచ్చుకోవడానికి పంపిన అణువును మధ్యదారిలో పట్టేసి దాన్ని మాడ్చుతుంది.

మూత్రం ఆమ్లగుణం, అందులోని యూరియా గాఢత కూడా కొంతవరకు అడ్డే. స్త్రీలలో యోనిలో నివసించే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా మరొక మిత్రపక్షం.

ప్రశ్న: ఇంత కాపలాను దాటి బాక్టీరియా గోడను పట్టుకుంటే ఏమవుతుంది?

అప్పుడు గొడుగు కణం ఆశ్చర్యకరమైన పని చేస్తుంది. తనను పట్టుకున్న బాక్టీరియాతో సహా గోడ నుంచి ఊడిపోయి మూత్రంతో బయటికి పోతుంది. నెలల తరబడి బతకవలసిన కణం కొన్ని గంటల్లో తనను తాను వదులుకుంటుందన్నమాట. ఇన్ఫెక్షన్ ఉన్నప్పటి మూత్రం మసకగా కనిపించడానికి చీము కణాలతోపాటు ఇలా రాలిన పొర కూడా ఒక కారణం. అయితే ఇందులో నష్టమూ ఉంది. పై పెంకు రాలిన చోట కింది పొరలోని లేత కణాలు బయటపడతాయి. కొన్ని బాక్టీరియాలు ఆ కణాల లోపలికి దూరి, మందులకూ తెల్ల కణాలకూ అందకుండా దాక్కుంటాయి. చికిత్స పూర్తయిన కొన్ని వారాలకు అదే బాక్టీరియా మళ్ళీ తలెత్తడానికి ఈ దాగుడుమూతలు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

అదే సమయంలో గోడ కణాలు బాక్టీరియా పైపొరలోని పదార్థాన్ని గుర్తుపట్టి ఇంటర్‌ల్యూకిన్ 6, ఇంటర్‌ల్యూకిన్ 8 వంటి సంకేతాలను వదులుతాయి. ఆ పిలుపు అందుకుని రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు కొన్ని గంటల్లోనే రక్తనాళం గోడ దాటి, మూత్రాశయపు గోడ దాటి, మూత్రంలోకి దిగి బాక్టీరియాను మింగుతాయి. మూత్ర పరీక్ష రిపోర్టులో 'పస్ సెల్స్' అని రాసేది వీటినే. మంట, మాటిమాటికీ పోవాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి వంటి బాధల్లో ఎక్కువ భాగం బాక్టీరియా చేసేది కాదు; ఈ పోరాటం వల్ల కలిగే వాపు చేసేది.

ప్రశ్న: సోరియాసిన్ పేరు ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. అది ఏమిటి?

పేరును బట్టే తెలుస్తుంది, దీన్ని మొదట సోరియాసిస్ వచ్చిన చర్మంలో 1991లో గుర్తించారు. చర్మవ్యాధికి సంబంధించిన అణువుగానే చాలాకాలం దానికి పేరుండేది. మలవిసర్జన తర్వాత, వంట పనిలో, పశువుల దగ్గర మన చేతులకు ఇ. కోలై అంటుకోని రోజంటూ ఉండదు. అయినా ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద అది స్థిరపడదు. ఎందుకు స్థిరపడదన్న ప్రశ్నకు 2005లో జర్మనీలోని కీల్ నగర పరిశోధకులు సమాధానం చెప్పారు. చర్మం స్రవించే సోరియాసిన్ ఇ. కోలైని ప్రత్యేకించి చంపుతుందనీ, జింకును లాక్కోవడం అందులో ఒక కీలకమైన పద్ధతి అనీ వారు చూపించారు. ఇదే అణువును మూత్రాశయపు గోడ కణాలు కూడా తయారుచేస్తాయి. వేలి చివర కాపలా కాసేదే మూత్రాశయంలోనూ కాస్తుందన్నమాట.

ప్రశ్న: మధుమేహంలో సోరియాసిన్‌కు ఏమవుతుంది?

ఈ విషయంలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఆనెలీ బ్రౌనర్ బృందం చేసి, 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. నాకు అందులో నచ్చింది ఫలితం కంటే ముందు దాన్ని రాబట్టిన తీరు. వారు ఒకే చోట చూసి తీర్పు చెప్పలేదు. మధుమేహం ఉన్నవారి రక్తాన్ని, మూత్రాన్ని, మూత్రంలో రాలిన గోడ కణాలను పరీక్షించారు. మధుమేహపు అంచున ఉన్నవారిలో రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచిన పద్ధతిలో పెంచి నిలిపి చూశారు. మొదటి రకం మధుమేహం ఉన్నవారిలో చక్కెరను మామూలు స్థాయిలోనే ఉంచి ఇన్సులిన్‌ను మాత్రం పెంచి చూశారు. ఆ తర్వాత మధుమేహం ఉన్న ఎలుకల్లోనూ, మనిషి మూత్రాశయపు గోడ కణాలను పెంచిన పళ్ళాల్లోనూ సరిచూసుకున్నారు.

చక్కెర ఎక్కువైతే సోరియాసిన్ తగ్గుతోందని, ఇన్సులిన్ మోతాదుకు మాత్రం అది స్పందించడం లేదని తేలింది. తగ్గింది సోరియాసిన్ ఒక్కటే కాదు. గోడ కణాల మధ్య అతుకులు, కణం లోపలి అస్థిపంజరం వంటి అల్లిక కూడా దెబ్బతిని, బాక్టీరియా సంఖ్య పెరిగింది. తలుపు దగ్గర కాపలావాడు నీరసించడమే కాక తలుపు చెక్క కూడా వదులైనట్లు అయింది.

ఇదే పరిశోధనలో ఎస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోను ఇచ్చినప్పుడు, చక్కెర ఎక్కువగా ఉన్న పరిస్థితిలో కూడా గోడ కణాల్లో సోరియాసిన్ తిరిగి పెరిగి, బాక్టీరియాను చంపే శక్తి మెరుగుపడింది. ఇది పళ్ళాల్లో పెంచిన కణాల మీద కనిపించిన ఫలితమన్నది మరిచిపోకూడదు. దీన్నిబట్టి షుగర్ ఉన్న ప్రతివారూ హార్మోను వాడవచ్చని అర్థం చేసుకోవడం పొరపాటు.

ప్రశ్న: ఇన్సులిన్‌కు సోరియాసిన్ స్పందించదంటే, ఇన్సులిన్ వాడి ప్రయోజనం లేదా?

అలా కాదు. మొదటగా, ఇన్సులిన్ చక్కెరను తగ్గిస్తుంది, చక్కెర తగ్గడమే సోరియాసిన్‌కు కావలసింది. రెండవది, కాపలాదారులందరూ ఒకే యజమాని మాట వినరు. అమెరికాలోని ఒహాయోలో జరిగిన పరిశోధనల్లో, ఆర్‌ఎన్‌ఏస్ 7 అనే పెప్టైడ్ ఉత్పత్తి ఇన్సులిన్ సంకేతం మీదే ఆధారపడి ఉందని కనిపించింది. మూత్రపిండంలోని సేకరణ నాళికల కణాల్లో ఇన్సులిన్ గ్రాహకాన్ని, అంటే ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే అణువును, తొలగించిన ఎలుకలు ఇ. కోలైకి సులువుగా లొంగిపోయాయి. ఒక పెప్టైడ్ చక్కెర స్థాయిని, ఇంకొకటి ఇన్సులిన్ సంకేతాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. రెండవ రకం మధుమేహంలో ఈ రెండూ ఒకేసారి చెడతాయి: చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట వినవు. ఈ రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టుకుని చదివితేనే విషయం సరిగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: తెల్ల కణాల సంగతి ఏమిటి? వాటి సంఖ్య నాకు మామూలుగానే ఉందని రిపోర్టు చెబుతోంది.

సంఖ్య సరిగా ఉండటం వేరు, పని సరిగా చేయడం వేరు. చక్కెర అదుపు తప్పినప్పుడు న్యూట్రోఫిల్స్ ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి కదలడం, బాక్టీరియాను మింగడం, మింగినదాన్ని లోపల చంపడం, ఈ మూడు పనుల్లోనూ వెనకబడతాయని పలు అధ్యయనాలు చూపించాయి. దీనికి తోడు వాటిని పిలిచే సంకేతాలే బలహీనంగా ఉండవచ్చు; మధుమేహం ఉన్న స్త్రీల మూత్రంలో బాక్టీరియా ఉన్నప్పటికీ ఇంటర్‌ల్యూకిన్ 6, 8 తక్కువగా ఉన్నాయని నెదర్లాండ్స్ పరిశోధకులు 2000లో చెప్పారు. వారే 2002లో మరొక సంగతి చూపించారు: నూగున్న ఇ. కోలై మధుమేహం ఉన్న స్త్రీల గోడ కణాలకు, మధుమేహం లేనివారి కణాలకంటే ఎక్కువ సంఖ్యలో అంటుకుంటుంది.

ప్రశ్న: షుగర్ వల్ల నరాలు దెబ్బతింటాయంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది, కానీ దీని గురించి అడిగేవారు తక్కువ. పాదాల్లో తిమ్మిరి గురించి అడిగినంతగా మూత్రాశయపు తిమ్మిరి గురించి ఎవరూ అడగరు. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే మూత్రాశయం నిండిందన్న కబురు మోసే నరాలు మొద్దుబారతాయి. అప్పుడు మూత్రం పోవాలన్న తలంపే ఆలస్యంగా వస్తుంది, వచ్చినా కండరం పూర్తిగా ముడుచుకోదు, కొంత మూత్రం అడుగున నిలిచిపోతుంది. ప్రవాహం అనే మొదటి కాపలా అక్కడితో ఆగిపోతుంది. ఇ. కోలై అనుకూల పరిస్థితుల్లో సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. పారే ఏటికీ నిలిచిన కుంటకూ ఉన్న తేడాను ఇక్కడ విడిగా వివరించనవసరం లేదు.

దీన్ని కనిపెట్టడం సులువు. మూత్రానికి వెళ్ళివచ్చిన వెంటనే అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసి లోపల ఎంత మిగిలిందో కొలుస్తారు. 50 మిల్లీలీటర్ల లోపు మిగిలితే చింత లేదు. 200 దాటితే తప్పక పట్టించుకోవాలి. మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నవారు, ధార సన్నబడిందని గమనించినవారు, ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవయసు పురుషులు ఈ పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది. నిలిచిపోతున్నట్లు తేలితే, మూడు గంటలకొకసారి గడియారం చూసుకుని వెళ్ళడం, ఒకసారి పోయాక రెండు మూడు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించడం వంటి అలవాట్లు కొందరికి చాలినంత మేలు చేస్తాయి.

ఇక్కడ నరాలతో సంబంధం లేని ఒక మాట చెప్పాలి. శుభ్రమైన మరుగుదొడ్డి లేని బడుల్లో, దుకాణాల్లో, బస్సుల్లో పనిచేసే ఆడవాళ్ళు పొద్దున ఇంట్లో వెళ్ళినవాళ్ళు సాయంత్రం ఇంటికి వచ్చేదాకా ఆపుకుంటారు. ఆపుకోవలసి వస్తుందని నీళ్ళు తాగడం కూడా మానేస్తారు. షుగర్ లేనివారికే ఇది చేటు. షుగర్ ఉన్నవారిలో ఇది నరాలు చేయవలసిన నష్టాన్ని ముందుగానే చేసిపెడుతుంది. దీనికి మందు డాక్టరు దగ్గర లేదు.

ప్రశ్న: ముట్లు ఆగిపోయాక ఇన్ఫెక్షన్లు పెరిగాయి. వయసు కారణమా, షుగర్ కారణమా?

రెండూ కలిసి వస్తాయి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను ఉన్నంతకాలం యోని గోడ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది, లాక్టోబాసిల్లస్ దాన్ని ఆధారం చేసుకుని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి ఆ ప్రాంతాన్ని ఆమ్లంగా ఉంచుతుంది, అందువల్ల ఇ. కోలై అక్కడ మకాం వేయలేదు. ముట్లు ఆగాక ఆ ఏర్పాటు తగ్గిపోతుంది. మూత్రాశయపు గోడ కూడా పల్చబడుతుంది. పైన చెప్పిన స్టాక్‌హోమ్ బృందమే 2013లో, ముట్లు ఆగిన స్త్రీలు రెండు వారాలు యోనిలో ఈస్ట్రోజెన్ వాడినప్పుడు రాలిన గోడ కణాల్లో పెప్టైడ్లు పెరిగాయని చూపించింది. అంతకుముందే 1993లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక పరీక్షలో, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 93 మంది స్త్రీలలో ఈస్ట్రియోల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు, ఉత్తుత్తి క్రీము వాడినవారికి 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. రొమ్ము లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు నిపుణుల సలహా లేకుండా దీని జోలికి పోకూడదు. మిగిలినవారు సిగ్గుపడకుండా అడగవలసిన చికిత్స ఇది. మన దగ్గర ఈ వయసు స్త్రీలకు యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాస్తారు కానీ ఈ క్రీము మాట ఎత్తేవారు తక్కువ.

ప్రశ్న: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. మూత్రంలోకి చక్కెర పంపించే ఈ మాత్రలు ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపవద్దు. ఈ మాత్రలు రోజుకు 50 గ్రాములకు మించి గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపుతాయి. మేత సిద్ధాంతమే నిజమైతే వీటిని వాడేవారందరికీ మూత్రాశయ ఇన్ఫెక్షన్లు వెల్లువలా రావాలి. వేలమందిపై జరిగిన పరీక్షల్లో మూత్ర ఇన్ఫెక్షన్లు చెప్పుకోదగినంతగా పెరగలేదు. స్పష్టంగా పెరిగింది జననాంగాల దగ్గర వచ్చే ఈస్ట్ ఇన్ఫెక్షన్, అంటే దురద, తెల్లటి పొర, ఎర్రబారడం. చాలామంది దాన్నే మూత్ర ఇన్ఫెక్షన్ అనుకుంటారు. రెండింటికీ మందు వేరు. మూత్రం పోసిన ప్రతిసారీ మామూలు నీటితో కడిగి పొడిగా తుడుచుకోవడం దీనికి మంచి నివారణ.

అయితే పూర్తిగా నిశ్చింతగా ఉండమనీ చెప్పలేం. ఈ మాత్రలు వాడుతున్న కొందరిలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన ఉదంతాలు రావడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోను, జననాంగాల పరిసరాల్లో మాంసం కుళ్ళే అరుదైన ఇన్ఫెక్షన్ గురించి 2018లోను హెచ్చరించింది. జ్వరం, వాంతులు, తిండి తినలేని స్థితి ఉన్న రోజుల్లో ఈ మాత్రలను తాత్కాలికంగా ఆపాలి. ఆ సూచన డాక్టరు దగ్గర ముందే తీసుకుని ఉంచుకోవాలి.

ప్రశ్న: నాకు ఏ బాధా లేదు. మామూలు పరీక్షలో 'పస్ సెల్స్ 8–10' అని, కల్చర్‌లో ఇ. కోలై లక్షకు పైగా అని వచ్చింది. మందులు వాడాలా?

చాలా సందర్భాల్లో అవసరం లేదు. వినడానికి వింతగా ఉన్నా, ఇది బాగా పరీక్షించి తేల్చిన విషయం. మధుమేహం ఉన్న స్త్రీలలో ఏ లక్షణమూ లేకుండా మూత్రంలో బాక్టీరియా ఉండటం మామూలు కంటే ఎక్కువ. అటువంటి 105 మందిని కెనడాలోని మానిటోబాలో ఏళ్ళ తరబడి గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. యాంటీబయాటిక్ ఇచ్చినవారిలో బాక్టీరియా తాత్కాలికంగా పోయింది, మళ్ళీ వచ్చింది. బాధ కలిగించే ఇన్ఫెక్షన్లు, మూత్రపిండాల ఇన్ఫెక్షన్లు, ఆసుపత్రి చేరికలు మాత్రం తగ్గలేదు. అందుకే లక్షణాలు లేని మధుమేహ రోగులకు ఇటువంటి పరీక్ష చేసి వెతకడం, దొరికినదానికి చికిత్స చేయడం వద్దని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. గర్భిణులకూ, మూత్రమార్గంలో రక్తం కారే శస్త్రచికిత్స చేయించుకోబోయేవారికీ ఈ మినహాయింపు వర్తించదు. వారికి చికిత్స అవసరం.

రిపోర్టు కాగితంలో ఎర్రగా అచ్చయిన అంకె చూసి మందుల దుకాణంలో ఐదు రోజుల మాత్రలు కొనడం వల్ల, హాని చేయని బాక్టీరియా పోయి మందులకు లొంగని రకం వచ్చి కూర్చునే ప్రమాదమే ఎక్కువ.

ప్రశ్న: మంట పుట్టగానే 'వేడి చేసింది' అంటారు. మజ్జిగ, సబ్జా, బార్లీ నీళ్ళు పనిచేస్తాయా?

మే నెల ఎండలో నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడి, పసుపు ముదిరి, పోసేటప్పుడు చురుక్కుమంటుంది. అది ఇన్ఫెక్షన్ కాదు, రెండు మూడు చెంబుల నీళ్ళు తాగితే గంటల్లో తగ్గుతుంది. మజ్జిగకైనా బార్లీకైనా దక్కే ఘనతలో అధికభాగం అందులోని నీటిదే. ఒక రోజులో తగ్గని మంట, మాటిమాటికీ చుక్కలు చుక్కలుగా రావడం, దుర్వాసన, రక్తం ఉంటే అది వేడి కాదు. బార్లీ నీళ్ళు చిక్కగా కాచి, చక్కెర వేసుకుని, గ్లాసుల కొద్దీ తాగితే షుగర్ పెరుగుతుందన్నది వేరే చెప్పాలా?

నీటికి మాత్రం గట్టి ఆధారం ఉంది. మాటిమాటికీ మూత్రాశయ ఇన్ఫెక్షన్ వస్తూ, నీళ్ళు తక్కువ తాగే 140 మంది స్త్రీలపై జరిగిన, 2018లో ప్రచురితమైన ఒక పరీక్షలో, రోజూ అదనంగా లీటరున్నర నీళ్ళు తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు, తాగనివారికి 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. వారు మధుమేహ రోగులు కారు, అయినా ప్రవాహపు సూత్రం అందరికీ ఒకటే. గుండె నీరసం, మూత్రపిండాల వ్యాధి ఉండి నీటికి కొలత పెట్టినవారు ఆ కొలత దాటకూడదు.

బాక్టీరియా కొక్కేన్ని మోసం చేస్తుందని అమ్మే డి-మన్నోజ్ పొడి సంగతి నిరాశ కలిగించేదే. సిద్ధాంతం అందంగా ఉంది, యూరోమోడ్యులిన్ చేసే పనే అది. కానీ బ్రిటన్‌లో 598 మంది స్త్రీలపై ఆరు నెలలు పరీక్షించినప్పుడు, 2024లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో ఉత్తుత్తి పొడి కంటే అది మెరుగని తేలలేదు.

ప్రశ్న: ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు షుగర్ ఎందుకు ఎగబాకుతుంది? యాంటీబయాటిక్ వేసుకుంటే ఒక్కోసారి ఎందుకు పడిపోతుంది?

ఇన్ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను విడుదల చేస్తుంది; అవి ఇన్సులిన్‌కు ఎదురు పనిచేసి చక్కెరను పెంచుతాయి. పెరిగిన చక్కెర కాపలాను ఇంకా నీరసింపజేస్తుంది. అందుకని ఆ రోజుల్లో ఇంట్లో గ్లూకోమీటరుతో రోజుకు మూడు నాలుగుసార్లు చూసుకోవాలి. ఇక రెండవ సంగతి: కో-ట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి మందులు గ్లైమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ తరగతి షుగర్ మాత్రలతో కలిసినప్పుడు చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు, ముఖ్యంగా పెద్దవారిలో, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే జ్వరం నీరసం అనుకోకుండా వెంటనే చక్కెర పరీక్షించుకోవాలి.

ప్రశ్న: ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి?

చలి వణుకుతో జ్వరం, నడుముకు ఒక పక్క డొక్కలో నొప్పి, ఆగని వాంతులు, మనిషి మత్తుగా లేదా పొంతన లేకుండా మాట్లాడటం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్ళాలి. గర్భిణులు చిన్న మంటకైనా వెళ్ళాలి. మధుమేహంలో మూత్రపిండపు ఇన్ఫెక్షన్ ఒక్కోసారి వాయువును పుట్టిస్తుంది. బాక్టీరియా గ్లూకోజ్‌ను పులియబెట్టడం వల్ల మూత్రపిండం లోపల గాలి బుడగలు ఏర్పడి సీటీ స్కానింగ్‌లో నల్లగా కనిపిస్తాయి. ఈ అరుదైన వ్యాధి వచ్చేవారిలో అత్యధికులు మధుమేహం ఉన్నవారే. పెద్దవయసులో నరాలు మొద్దుబారినవారికి నొప్పి కూడా తెలియకపోవచ్చు కాబట్టి, కారణం లేకుండా షుగర్ 300 దాటి దిగకపోవడమే మొదటి సంకేతం కావచ్చు.

ప్రశ్న: కల్చర్ పరీక్షకు మూత్రం ఎలా పట్టాలి?

సగం తప్పుడు రిపోర్టులు ఇక్కడే పుడతాయనిపిస్తుంది. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే నమూనా ఇవ్వాలి. చేతులు కడుక్కుని, ఆ ప్రాంతాన్ని మామూలు నీటితో ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ల్యాబ్‌వారు ఇచ్చిన మూత ఉన్న డబ్బాలో పట్టాలి. డబ్బా అంచు చర్మానికి తగలకూడదు, మూత లోపలి వైపు వేలు పెట్టకూడదు. ఇంట్లో కడిగిన మందు సీసా పనికిరాదు. రెండు గంటల్లోగా ల్యాబ్‌కు చేర్చాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో, పెట్టి ఆ రోజే ఇవ్వాలి. ఎండలో స్కూటర్ డిక్కీలో పూటంతా ఉన్న నమూనాలో పెరిగిన బాక్టీరియా మీ మూత్రాశయంలోది కాదు, ఆ డిక్కీలోదే.